వాక్యం పక్కన మన మాట: రోజూ బైబిలు చదివి, రాసి, ప్రార్థించే పద్ధతి

మా అమ్మకు చదువు రాదు. ఎవరి కోసం ప్రార్థన చేయాలో గుర్తుండటానికి చీర కొంగుకు ముడి వేసుకునేది. జ్వరంతో ఉన్న పక్కింటి పాపకు ఒక ముడి, శెనగచేను ఎండిపోతోందని బోరు వేయించాలనుకుంటున్న నాన్నకు ఒకటి, టెన్త్ పరీక్షలు రాస్తున్న నాకు ఒకటి. రాత్రి అందరూ పడుకున్నాక బండల మీద మోకరించి, ఒక్కో ముడి పట్టుకుని ప్రార్థించి విప్పేది. కొన్ని విప్పేది కాదు. ఏందమ్మా అంటే, "ఇది ఇంకా కాలేదులే, ఉండనీ" అనేది.

నేను పదకొండేళ్లుగా నోటుబుక్కులో చేస్తున్నది ఆ పనే.

అంతకు ముందు బైబిలు చదవలేదని కాదు. గోడకు పట్టిక అంటించుకుని మరీ చదివేదాన్ని. మా బైబిలులో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. మామూలు రోజుల్లో మూడు, ఆదివారం ఐదు చదువుతూ పోతే ఏడాదిలో అయిపోతుంది. అలా మూడుసార్లు పూర్తి చేశాను. నాలుగో ఏడు ఒక సాయంత్రం మా పాప, "అమ్మా, పొద్దున ఏం చదివినావు?" అని మామూలుగా అడిగింది. లేవీయకాండమో సంఖ్యాకాండమో కూడా గుర్తు రాలేదు. పట్టికలో టిక్కు మాత్రం ఉంది. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మర్నాడు పట్టిక తీసేసి, పాప పాత లెక్కల పుస్తకంలో మిగిలిన తెల్లకాగితాలు కుట్టుకుని, పది వచనాలు చదివి నాలుగు వరుసలు రాశాను. అక్కడ మొదలైంది.

ఇక్కడ చెప్పేదంతా అప్పటి నుంచి నేను పాటిస్తున్నదీ, మా స్త్రీల సమాజంలో కొందరికి నేర్పినదీ. మీ సంఘం ఏదైనా సరే, ఇది పనికొస్తుంది.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి

మనలో చాలామందికి ప్రసంగం నోట్సు రాసే అలవాటు ఉంది. ఆదివారం అయ్యగారు చెప్పిన మూడు పాయింట్లు, రెఫరెన్సులు రాసుకుంటాం. అది మంచి అలవాటే కానీ అందులో ఉండేది ఆయన మాట. డైరీ రాసేవాళ్లూ ఉన్నారు. అందులో మన రోజు ఉంటుంది, వాక్యం ఉండదు. నేను చెప్పే పుస్తకంలో ఈ రెండూ ఒకే పేజీలో కలుస్తాయి. పైన దేవుని మాట, కింద దానికి మన జవాబు. లూకా రెండో అధ్యాయంలో గొర్రెల కాపరులు వచ్చి వెళ్లాక మరియ ఆ మాటలన్నీ హృదయంలో తలపోసుకుంటూ భద్రం చేసుకుందని ఉంది. తలపోసుకోవడం అంటే నెమరువేయడమే. ఆవు తిన్నప్పుడు గబగబా తింటుంది, తీరిగ్గా కూర్చున్నాక నెమరేస్తుంది. మేతంతా ఒంటబట్టేది అప్పుడే.

మొదటి అడుగు: పుస్తకం, చోటు, వేళ

కొత్త సంవత్సరానికి దుకాణాల్లో ఇచ్చే డైరీ వద్దు. తేదీలు అచ్చయి ఉంటాయి కాబట్టి నాలుగు రోజులు రాయకపోతే నాలుగు ఖాళీ పేజీలు మనల్ని నిలదీస్తాయి. అక్కడే చాలామంది మానేస్తారు. మామూలు రూళ్ల లాంగ్ నోటుబుక్కు, 200 పేజీలది చాలు. తేదీ మీరే వేసుకోండి. వెనక నుంచి ముప్పై పేజీలు వదిలేయండి, వాటి పని తర్వాత చెబుతాను.

ఫోనులో రాయొచ్చా అని అడుగుతారు. రాయొచ్చు. కానీ ఫోను చేతిలోకి తీసుకుంటే వాట్సాప్ చూడకుండా ఉండటం నా వల్ల కాలేదు. మీ వల్ల అయితే సంతోషం.

వేళ విషయంలో మీ ఇంటి పద్ధతి చూసుకోండి. మా వీధికి కుళాయి నీళ్లు తెల్లారుజామున వస్తాయి. నీళ్లు వచ్చేలోపు అరగంట నాది. యేసు పెందలకడనే లేచి, ఇంకా చాలా చీకటి ఉండగానే అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడని మార్కు 1:35లో ఉంది. ఆయనకైనా తెల్లారితే జనం చుట్టుముట్టేవాళ్లు, అందుకే చీకటితో లేచాడు. మీకు రాత్రిపూటే కుదిరితే రాత్రే కూర్చోండి. రోజూ ఒకే వేళ అయితే చాలు.

ఇంకో మాట మొహమాటం లేకుండా చెప్పాలి. ఈ పుస్తకం ఎవరూ చదవరన్న ధీమా ఉంటేనే నిజం రాస్తాం. అత్తగారు చూస్తుందేమో, భర్త చదువుతాడేమో అనుకుంటే ప్రతి వాక్యం అందంగా వస్తుంది, నిజంగా రాదు. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి, ఇది నాకూ దేవునికీ మధ్య ఉండేది అని. బీరువాలో చీరల కింద పెట్టుకున్నా తప్పు లేదు. అలాగే వేరేవాళ్లు నమ్మి చెప్పుకున్న కష్టాలు రాసేటప్పుడు పేరు రాయకండి, మొదటి అక్షరం చాలు.

రెండో అడుగు: ఎక్కడి నుంచి, ఎంత

తక్కువ చదవండి. ఎనిమిది నుంచి పన్నెండు వచనాలు మించొద్దు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మార్కు సువార్త మంచిది. పదహారే అధ్యాయాలు, ఒకదాని వెంట ఒకటి సంఘటనలు పరుగెడతాయి. మనసు బరువుగా ఉన్నవాళ్లు కీర్తనలతో మొదలుపెట్టండి. కతోలిక సంఘంలో ఉన్నవాళ్లకు ప్రతిరోజూ పూజలో చదివే పఠనాలు ఎలాగూ ఉన్నాయి, అందులో సువార్త పఠనం ఒక్కటి తీసుకోండి.

ఒక పుస్తకం పట్టుకుంటే చివరిదాకా వరుసగా పోవాలి. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టడం, వచనాలు అచ్చేసిన కార్డులుండే వాగ్దానాల పెట్టెలోంచి ఒకటి తీయడం ఈ పనికి సరిపోవు. ఎందుకంటే వాగ్దానం ఎవరితో, ఎప్పుడు చెప్పాడో తెలియకుండానే మనదనుకుంటాం. యిర్మీయా 29:11 మన ఇళ్లల్లో క్యాలెండర్ల మీద ఎంత కనబడుతుందో మీకు తెలుసు. దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావన్న మాట. బబులోనుకు చెరగా పోయిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలోది అది. దానికి ముందు వచనం క్యాలెండరు మీద ఉండదు. బబులోనులో డెబ్బై ఏళ్లు గడిచాకే తీసుకొస్తానని అందులో ఉంది. అంటే ఆ ఉత్తరం అందుకున్నవాళ్లలో పెద్దవయసువాళ్లు ఆ దినం చూడకుండానే పోయి ఉంటారు. ఇది తెలిశాక ఆ వచనం నాకు తక్కువైపోలేదు, ఇంకా లోతుగా దిగింది. బిడ్డ ఉద్యోగం కోసం మూడేళ్లు ఎదురుచూసినప్పుడు ఆ డెబ్బై ఏళ్లే నన్ను నిలబెట్టాయి.

మూడో అడుగు: తేదీ కింద ఒక్క వాక్యం

బైబిలు తెరవక ముందు తేదీ వేసి, ఇప్పుడు మీరెలా ఉన్నారో ఒక్క వాక్యంలో రాయండి. "గ్యాస్ అయిపోయింది, ఫీజు కట్టాల, తలనొప్పి." అంతే. దీన్ని భక్తిగా మార్చొద్దు. మనసులో గోల చేస్తున్నదాన్ని కాగితం మీద పెట్టేస్తే అది కాసేపు ఊరుకుంటుంది. తర్వాత ఒక నిమిషం కళ్లు మూసుకుని, "ప్రభువా, మాట్లాడు, వింటాను" అని అడగండి.

నాలుగో అడుగు: చూసి రాయడం

భాగాన్ని ఒకసారి మనసులో, ఒకసారి పైకి చదవండి. ఏ వచనం దగ్గర ఆగాలనిపించిందో దాన్ని ఉన్నది ఉన్నట్టు చూసి రాయండి. గుర్తున్నదే కదా అని చూడకుండా రాయకండి.

ద్వితీయోపదేశకాండం 17లో ఇశ్రాయేలు రాజుకు ఒక ఆజ్ఞ ఉంది. సింహాసనం ఎక్కాక ధర్మశాస్త్రానికి ఒక ప్రతి రాసుకోవాలి, దాన్ని దగ్గర ఉంచుకుని బతికినన్నాళ్లూ చదవాలి. చేతితో రాస్తే ఏమవుతుందో నాకు మొదటి కీర్తనతో తెలిసింది. "నీటికాలువల యోరను నాటబడినదై" అన్న మాట చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠస్థం చేశాను, ఎన్నిసార్లు అప్పజెప్పానో లెక్క లేదు. రాస్తున్నప్పుడు 'నాటబడినదై' దగ్గర పెన్ను ఆగింది. ఆ చెట్టు దానంతటది మొలవలేదు. ఎవరో తెచ్చి అక్కడ నాటారు.

నాకు వెంటనే కేసీ కాలువ గట్టు కళ్ల ముందుకొచ్చింది. సుంకేసుల దగ్గర తుంగభద్రలో బయలుదేరి కర్నూలు, నంద్యాల మీదుగా మా కడప దాకా వచ్చే కాలువ. ఎండాకాలం నీళ్లు వదలనప్పుడు చూడండి, కాలువ అడుగు పగుళ్లిచ్చి ఉంటుంది. గట్టు మీద చెట్లు మాత్రం పచ్చగానే ఉంటాయి, వేర్లు లోపలి తేమ దాకా పోయి ఉంటాయి కాబట్టి. ఆ రోజు పుస్తకంలో ఇలా రాశాను: "నన్ను ఇక్కడ నాటింది నువ్వే. కాలువలో నీళ్లు లేని నెలలో కూడా." చదివి టిక్కు పెట్టిన మూడేళ్లలో ఆ మాట నా కంటబడలేదు.

ఐదో అడుగు: మన భాషలోకి తెచ్చుకోవడం

అన్నిటికంటే ముఖ్యమైనది నాకు ఇదే.

మనం ఎక్కువగా చదివే తెలుగు బైబిలు గ్రాంథికంలో ఉంటుంది. తెలుగులో బైబిలు మొత్తం మొదటిసారి అచ్చయింది 1854లో. ఇప్పుడు మన చేతుల్లో ఉన్నది ఆ తర్వాతి అనువాదమే అయినా, 'యున్నది', 'చేయుదును', 'తృష్ణగొని' అన్న నుడికారం అలాగే నిలిచింది. ఆ భాష అందం నాకు ప్రాణం. కానీ దానితో ఒక చిక్కు ఉంది. ప్రార్థనకు కూర్చోగానే మనం కూడా ఆ భాషలోకే వెళ్లిపోతాం. "పరలోకమందున్న మా తండ్రీ, నీ కృపాసనము నొద్దకు వచ్చుచున్నాము" అంటాం. మాట దేవునికి తగినట్టే ఉంటుంది కానీ ఆ మాటల చాటున మన మనసు దాక్కుంటుంది. తోడికోడలి మీద కోపం గ్రాంథికంలో చెప్పడం చేతకాదు, అందుకే చెప్పం.

కాబట్టి చూసి రాసిన వచనం కింద దాన్ని మీ ఇంట్లో మాట్లాడే తెలుగులో మళ్లీ రాయండి. మీ అమ్మకు చెబుతున్నట్టు. ఉదాహరణకు 63వ కీర్తన. దావీదు యూదా అరణ్యంలో ఉన్నప్పటిది. "నీళ్లు లేక యెండియున్న దేశమందు నా ప్రాణము నీకొరకు తృష్ణగొనియున్నది." దీన్ని మా సమాజంలో ముద్దనూరు వైపు నుంచి వచ్చిన ఒక అక్క ఇలా రాసింది:

"ఈ నేలలో సుక్క నీళ్లు లేవు స్వామీ. నోరు పిడచ గట్టకపోతాంది. నాకు నువ్వు గావాల."

చదివి వినిపించినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదు. బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడ్డవాళ్లే అందరూ. దావీదు దాహం ఏమిటో మాకు ఆ మూడు ముక్కల్లో అర్థమైంది.

మాట కష్టంగా ఉంటే సంఘంలో పెద్దవాళ్లను అడగండి, లేదా వాడుక తెలుగు అనువాదం ఒకటి పక్కన పెట్టుకోండి. వచనం అర్థం మార్చేయకూడదు, అంతవరకు జాగ్రత్త. ముందు వెనక వచనాలు చదివి, అప్పుడు ఎవరు ఎవరితో ఎందుకు అన్నారో ఒక వరుస రాసుకుంటే దారి తప్పం.

ఆరో అడుగు: ఎక్కడ గుచ్చుకుంది?

ఇప్పుడు మీ సంగతి. ప్రశ్నల జాబితాలు చాలా దొరుకుతాయి, నేను రెండే వాడతాను. ఈ మాట నన్ను ఎక్కడ గుచ్చింది? ఈ రోజు చీకటి పడేలోపు దాన్ని బట్టి నేను చేయగలిగింది ఏమిటి?

ఎలా ఉంటుందో చూపించడానికి నా పుస్తకంలోంచి ఒక పేజీ. మా మరిది కూతురు పెళ్లి అయిన మర్నాడు రాసింది, వాళ్ల అనుమతితోనే ఇక్కడ పెడుతున్నాను. ఆ రోజు చదివిన భాగంలో యేసు ఇంటికొస్తే మార్త పనులతో సతమతమవుతుంది, చెల్లెలు మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని వింటుంది. నాకు సాయం చేయమని దానికి చెప్పు అని మార్త అడిగితే ఆయన మరియనే వెనకేసుకొస్తాడు.

"లూకా 10:38–42. ఒళ్లు హూనం. ఇంకా గిన్నెలు తోమాల.

'మార్తా, మార్తా, నీవనేకమైన పనులనుగూర్చి విచారము కలిగి తొందరపడుచున్నావు.'

నా మాటలో: మార్తా, ఏందమ్మా నీ హడావుడి, ఎంతమంది బరువు నెత్తినేసుకున్యావు.

నిన్న నేను మార్తనే. మూడు వందల మందికి వడ్డన నా మీద పడింది. చెల్లెలు (తోడికోడలు) పట్టుచీర కట్టుకుని ఫొటోలు దిగుతాంది. నాకు కడుపు మండింది. నువ్వు కూడా దాన్నే వెనకేసుకొస్తావా ప్రభువా అనిపించింది. కానీ మళ్లీ చదివితే నువ్వు మార్తను పని చేసినందుకు ఏమీ అనలేదు. రెండుసార్లు పేరు పెట్టి పిలిచినావు. నన్ను నిన్న ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. 'అక్కా సాంబారు', 'అక్కా నీళ్లు'. నాకు కావాల్సింది సాయం కాదేమో, ఎవరో ఒకరు చూడటం. నువ్వు చూసినావు.

ఈ రోజు: చెల్లెలికి ఫోన్ చేసి పాప ఎట్లుందో అడగాల. నిన్నటి సంగతి ఎత్తకూడదు."

గమనించండి. ఇందులో మార్త గురించి వ్యాఖ్యానం లేదు. మొదట కోపం ఉన్నది ఉన్నట్టు వచ్చింది, తర్వాత వాక్యాన్ని మళ్లీ చూడటం, అందులోంచి అప్పటిదాకా కనబడనిది కనబడటం. చివర చేయాల్సిన పని చిన్నది, ఆ రోజుకు సరిపోయేది. 'ఇక నుంచి అందరినీ ప్రేమిస్తాను' అని రాస్తే దేనికీ పనికిరాదు. 'చెల్లెలికి ఫోన్ చేయాలి' అంటే చేశామో లేదో రాత్రికి తెలిసిపోతుంది.

గుచ్చుకోని రోజులూ ఉంటాయి. వంశావళి చదివిన రోజు ఏమీ తోచదు. "ఈ రోజు ఏమీ తోచలేదు. చదివాను." అని రాసి లేవండి. లేనిదాన్ని కల్పించి రాయొద్దు.

ఏడో అడుగు: రాసిందే ప్రార్థన

ఇప్పటిదాకా రాసింది దేవుని ముందే రాశారు. ఇక దాన్ని నేరుగా ఆయనతో అనండి. కొందరు ఉత్తరంలా రాస్తారు, కొందరు రాసింది ముందు పెట్టుకుని పైకి ప్రార్థిస్తారు. నేను రెండు మూడు వరుసలు రాసి, మిగతాది మోకాళ్ల మీద చెప్పుకుంటాను.

ఫిలిప్పీయులకు 4:6లో "ప్రతి విషయములోను ప్రార్థన విజ్ఞాపనములచేత కృతజ్ఞతాపూర్వకముగా మీ విన్నపములు దేవునికి తెలియజేయుడి" అని ఉంది. పౌలు 'ప్రతి విషయములోను' అన్నాడు కాబట్టి సిగ్గుపడకండి. చీటీ డబ్బులు, బీపీ మాత్రలు, బిడ్డకు సంబంధం కుదరకపోవడం, అన్నీ రాయండి. 'కృతజ్ఞతాపూర్వకముగా' అన్న మాట కూడా ఉంది కదా, అందుకని నిన్న జరిగిన ఒక మంచి సంగతి పేరు పెట్టి రాయండి. 'అన్నిటికీ స్తోత్రం' అనకుండా 'నిన్న సాయంత్రం వాన పడి మేడ చల్లబడినందుకు' అనండి.

ఏడుపు కూడా ప్రార్థనే. మన కూడికల్లో సాక్ష్యం చెప్పమంటే గెలిచిన కథలే చెబుతాం. కీర్తనల్లో అలా లేదు. 13వ కీర్తన మొదటి రెండు వచనాల్లోనే దావీదు 'ఇంకెంతకాలం' అని దేవుణ్ణి మళ్లీ మళ్లీ అడుగుతాడు. 88వ కీర్తన మొరతో మొదలై చీకటితోనే ఆగిపోతుంది, చివర్లో ఓదార్పు మాట ఒక్కటీ లేదు. దాన్ని కూడా బైబిలులో ఉంచారు. మా నాన్న పోయిన ఏడు నేను నలభై రోజులు ఆ కీర్తనే పట్టుకున్నాను. వేరే ఏదీ రాయబుద్ధి కాలేదు. అలాంటి రోజుల్లో ఎవరైనా మీకు 'విశ్వాసం తక్కువైంది' అంటే నమ్మకండి. దుఃఖం నెలల తరబడి తిండి, నిద్ర లేకుండా చేస్తుంటే మాత్రం పుస్తకంతో సరిపెట్టుకోకండి. మీరు నమ్మే మనిషికి చెప్పండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. ప్రార్థన, డాక్టరు ఒకదానికొకటి అడ్డం కాదు.

వెనక పేజీలు

వదిలిపెట్టిన ముప్పై పేజీలు విజ్ఞాపనలకు. ఎడమ పేజీలో తేదీ, విన్నపం. కుడి పేజీ ఖాళీ. జవాబు వచ్చిన రోజు ఎదురుగా తేదీ వేసి ఏం జరిగిందో రాయండి. అడిగినట్టే జరిగిందా, వేరేలా జరిగిందా, జరగలేదా, ఉన్నది రాయండి.

యెహోషువ నాలుగో అధ్యాయంలో ఇశ్రాయేలీయులు యొర్దాను దాటాక నది మధ్య నుంచి పన్నెండు రాళ్లు మోసుకొచ్చి గిల్గాలులో నిలబెట్టారు, రేపు పిల్లలు ఈ రాళ్లెందుకని అడిగితే చెప్పడానికి. మన కడప జిల్లా ఇళ్లల్లో నేలంతా నల్లబండే కాబట్టి రాయి విలువ మనకు వేరే చెప్పాలా. కుడి పేజీలో వేసిన ప్రతి తేదీ అలాంటి ఒక రాయి.

కానీ కుడి పేజీ ఖాళీలను చూసి భయపడకండి. నాన్న బోరు గురించి రాసిన విన్నపం ఎదురుగా ఇప్పటికీ ఏమీ లేదు. మూడు బోర్లు వేయించాడు, మూడూ దుమ్మే. అప్పు తీర్చడానికి రెండెకరాలు అమ్మాడు. ఆ పేజీని నేను చించలేదు, అబద్ధం రాసి నింపలేదు.

'దేవుడు నాతో చెప్పాడు' అని రాసే ముందు

ఇది మన సంఘాల్లో ఎక్కువగా చూస్తాను కాబట్టి చెబుతున్నాను. రాస్తూ ఉంటే కొన్ని ఆలోచనలు బలంగా వస్తాయి. వెంటనే 'ప్రభువు నాతో మాట్లాడాడు, ఆ సంబంధం చేసుకోమన్నాడు' అని రాయకండి. 'నాకు ఇలా తోచింది' అని రాయండి. తేదీ వేసి ఒక వారం వదిలేయండి. అది వాక్యం మొత్తంతో పొసగుతుందా, మీ మేలు కోరే పెద్దవాళ్లు ఏమంటారు, మీ కోరికే దేవుని మాటలా వినబడుతోందా, చూసుకోండి. "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అని పౌలు థెస్సలొనీకయులకు రాశాడు. పుస్తకం ఇందుకు బాగా పనికొస్తుంది. పోయినేడు ఎంతో గట్టిగా తోచింది ఈ ఏడు చదివితే నా తొందరేనని చాలాసార్లు తెలిసింది.

రాత్రి ఐదు నిమిషాలు

పడుకునే ముందు పొద్దున రాసిన పేజీ తెరిచి, చేయాలనుకున్న పని చేశామా చూసి, కింద ఒక వరుస. 'ఫోన్ చేశాను. ఏడ్చింది. నేనూ ఏడ్చాను.' ఇంతే. కతోలిక సంఘం వాళ్లకు ఆత్మపరిశీలన కొత్తది కాదు, 16వ శతాబ్దంలో లొయోలా ఇగ్నేషియస్ తన సహచరులకు దీన్ని రోజువారీ నియమంగా పెట్టాడు. పగలంతా ఎక్కడ దేవునికి దగ్గరగా ఉన్నాను, ఎక్కడ తప్పుకున్నాను అని వెనక్కి చూసుకోవడం.

ఆగిపోతే, కుదరకపోతే, రాయడం రాకపోతే

ఆగిపోతారు. నేను ఒకసారి నాలుగు నెలలు ఆగిపోయాను. వదిలేసిన రోజులన్నీ పూర్తి చేయాలని కూర్చోకండి. ఈ రోజు తేదీ వేసి మొదలుపెట్టండి.

విత్తనం వేసే రోజుల్లో పొలం పనివాళ్లకు, రాత్రి డ్యూటీ చేసే నర్సులకు అరగంట ఎక్కడ దొరుకుతుంది? వాళ్లకు రెండు వరుసలు చాలు. ఒక వచనం, ఒక జవాబు. మా సమాజంలో ఒకామె బస్సులో టికెట్టు వెనక రాసుకుని ఆదివారం పుస్తకంలో అంటించుకుంటుంది.

రాయడం రానివాళ్లు ఫోనులో రికార్డు చేసుకోవచ్చు. ఇంట్లో మనవడో మనవరాలో ఉంటే చెప్పి రాయించుకోవడం ఇంకా మంచిది. యిర్మీయా కూడా చెబుతూ ఉంటే బారూకు రాశాడు. రాజు ఆ చుట్టను చాకుతో కోసి నిప్పుల్లో వేస్తే, మళ్లీ చెప్పి రాయించాడు. మాట చెప్పేవాళ్లు ఒకరు, రాసేవాళ్లు ఒకరు కావడం అంత పాతది.

తిరిగి చదవడం

రాసి మూసేస్తే సగం పనే అయినట్టు. నెలకోసారి, ఉపవాస కూడిక ఉన్న రోజైతే బాగుంటుంది, ఆ నెల పేజీలన్నీ ఒక్క బిగిన చదవండి. రోజూ కనబడనివి అప్పుడు కనబడతాయి. మూడో నెలలో చదివినప్పుడు నేను గమనించింది 'టెన్షన్' అన్న మాట. దాదాపు ప్రతి పేజీలో ఉంది, అదీ ఎప్పుడూ డబ్బు గురించి కాదు, ఎవరేమనుకుంటారో అన్నదాని గురించే. అప్పటిదాకా నా సమస్య డబ్బు అనుకున్నాను. ఇంకో నెల చూస్తే, పిల్లల కోసం అంత రాసిన నేను ఆయన కోసం, నా భర్త కోసం, ఒక్క విన్నపమూ రాయలేదు. ఆయనకేం, బాగానే ఉన్నాడు కదా అనుకున్నాను. ఆ సాయంత్రం ఆయన్ని అడిగాను, మీ కోసం ఏమని ప్రార్థన చేయమంటారు అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత షాపులో జరుగుతున్న ఒక సంగతి చెప్పాడు. రెండేళ్లుగా లోపలే పెట్టుకున్నాడు.

ఏడాదికోసారి, డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు వెళ్లే ముందు, వెనక పేజీలు మొత్తం చదువుతాను. కిందటేడు అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదివాను. ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది, చూపు తగ్గింది. కుడి పేజీలో తేదీ ఉన్నప్పుడల్లా 'స్తోత్రం' అంది. బోరు పేజీ వచ్చినప్పుడు ఏమీ అనలేదు. కాసేపటికి కొంగు చివర తడుముకుంది. అక్కడ ఒక ముడి ఉంది, పాతబడి గట్టిపడిపోయింది.

"ఇది ఎవరిదమ్మా?" అన్నాను.

పేరు చెప్పింది. మా ఊళ్లో నాన్న పొలం కొనుక్కున్న మనిషి కొడుకు. ఆ చేలో బోరు పడిందట, పిల్లోడు మాత్రం తాగుడుకు అలవాటు పడ్డాడట.

ఎడమ పేజీలో పేరు రాయకుండా మొదటి అక్షరం రాసి, తేదీ వేసి, కుడి పేజీ ఖాళీగా వదిలాను.